శుభం పడ్డాక

నేను ఒక ఫోటో ఫ్రేమును. మామూలు ఫ్రేమునైతే మీ ముందు నోరు విప్పేదాన్నే కాదు. నేను దండ పడే ఫ్రేమును. ‘గడప దాటని వెన్నెల’ సీరియల్లో, హాల్లో సోఫా వెనక గోడకి, చిన్న ఎర్ర బల్బు కింద వేలాడుతూ ఉండేదాన్ని. మీరు చూసే ఉంటారు. నన్ను కాదులెండి, నాలో ఉన్నవాళ్లని చూసి ముక్కు చీదుకుని ఉంటారు. ఫ్రేము ముఖం ఎవరు చూస్తారు!

కృష్ణానగర్‌లో మస్తాన్ గారి కొట్లో పుట్టాను. మామిడి చెక్క, పైన టేకు రంగు, నాలుగు మూలలా ఇత్తడి పూలు. పెళ్లి ఫోటోకి బాగుంటుందంటూ ఆయన నా అంచులకి ఎంత ఓపిగ్గా ఉప్పుకాగితం పట్టాడో! ఏ కొత్త జంటో నాలో సిగ్గుపడుతూ కూర్చుంటుందని నేనూ ఆశపడ్డాను. రంగు ఆరిందో లేదో, సీరియల్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లొచ్చి, “పోయినోళ్లకి పెట్టే ఫ్రేము కావాలి భాయ్” అన్నారు. నా రాత చూశారా!

మొదటి రోజే కెమెరామన్ నా మీద కస్సుమన్నాడు. నా అద్దంలో లైట్లన్నీ మెరుస్తున్నాయట. అద్దం ఊడబీకి అవతల పారేశారు. అప్పటి నుంచి నాకు అద్దం లేదు, పడే దుమ్మంతా ఫోటో మీదే.

ఆ ఇంట్లో చావులు ఎలా వచ్చేవో చెబితే నవ్వుతారు. చిన్నాన్న వేషం వేసే ఆయన ఏదో సినిమా కోసం గుండు చేయించుకొచ్చాడు. డైరెక్టరు పార్థసారథి గారు ఆయన తలకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశారు. సాయంత్రానికి చిన్నాన్నకి గుండెపోటు. చిన్నకోడలు పిల్లకి నిజంగా పెళ్లి కుదిరింది, ఆ వారమే సీరియల్లో కారు లోయలో పడింది. పెళ్లయ్యాక ఆ పిల్లకి ఇంట్లో తోచక తిరిగొచ్చింది, ఇంకేముంది, లోయలో పడింది గానీ చావలేదు, గతం మరిచిపోయిందంతే! పాత ఫోటో తీసే ఓపిక ఎవరికీ లేదు. ఒకరి మీద ఒకరిని దూర్చేవారు. నా కడుపులో అలా ఒక కుటుంబమే పేరుకుపోయింది.

ఇంత మోటు మనుషులకీ ఒక భయం మాత్రం ఉండేది. బతికున్న మనిషి ఫోటోకి దండ వేస్తే అరిష్టమట. అందుకని షాటు అవగానే ఆ మనిషే వచ్చి, తన చేత్తో దండ తీసేసి, తిరుగుతున్న కెమెరాలోకి చూసి ఫక్కున నవ్వాలి. నవ్వితే దోషం పోతుంది. ఆ నవ్వు ముక్క మీకు ఎప్పుడూ కనపడదు. ఎడిటింగ్‌లో కోసి పారేస్తారు.

మొదటి ఎపిసోడ్ నుంచీ ఆఖరు దాకా మారనిది ఒక్క అత్తగారే. రాజేశ్వరీదేవి వేషం వేసిన విశాలాక్షి గారు. కొడుకుల ముఖాలు మారాయి, కోడళ్లు మారారు, ఆవిడ ఎర్రంచు పట్టుచీర, రూపాయి బిళ్లంత బొట్టు, నడుముకి తాళాల గుత్తి మాత్రం అలాగే ఉన్నాయి. తెర మీద కళ్లెర్రజేస్తే కోడళ్లు వణికేవారు గానీ, షాటు అవగానే నా కింద సోఫాలో కూలబడి ఫోన్ తీసేది. “సాయమ్మా, అమ్మ తిన్నదా?” ఇంట్లో తల్లిని చూసుకునే మనిషితో ఏళ్ల తరబడి అదే మాట. అలా ఆ ఇంటి సంగతులన్నీ నాకు తెలిసిపోయాయి.

వాళ్లమ్మ సీతారావమ్మ గారికి ఎనభై దాటాయి. తెనాలి మనిషి, ఇప్పుడు కూతురి దగ్గరే యూసఫ్‌గూడలో ఉంటోంది. మతిమరుపు జబ్బు. పక్కన కూర్చుని తినిపిస్తున్న కూతుర్ని పట్టుకుని, “ఎవరమ్మా నువ్వు, మంచిదానిలా ఉన్నావు” అంటుంది. ఏడున్నరకి టీవీలో ఎర్రంచు చీర కనపడితే మాత్రం, “అదిగో, మా విశాల వచ్చింది” అని కళ్లు విప్పార్చుకుంటుంది. విశాల వచ్చాకే ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. ఒకసారి కథలో రాజేశ్వరీదేవికి స్పృహ తప్పి ఆసుపత్రిలో పడేశారు. ఇక్కడ ముసలావిడ ముద్ద ముట్టలేదు. ఆఖరికి ఈవిడకి నిజంగానే సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. మనుషుల కథలు మనుషుల్నే ఇలా కాల్చుకు తింటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

సరే, సీరియల్ అయిపోయే రోజు రానే వచ్చింది. ముగింపు ముందే రాసుకున్నారు. రాజేశ్వరీదేవి తాళాలు పెద్దకోడలి చేతిలో పెట్టి, నవ్వుతూ కాశీకి బయల్దేరుతుంది. విశాలాక్షి గారు తనే డైరెక్టర్ని బతిమాలి రాయించుకున్న ముగింపు అది. కాశీ వెళ్లింది, వచ్చేస్తుంది అని చెప్పి అమ్మని ఎన్నాళ్లయినా నెట్టుకు రావచ్చు. ఆ పొద్దున ఆవిడ ముఖం ఎంత తేటగా ఉందో!

కాఫీలు తాగుతుండగా ఛానెల్ నుంచి ఫోన్ వచ్చింది. పార్థసారథి గారు నా కిందే నిలబడి మాట్లాడారు. “చప్పగా ఉందంటే ఎలా మేడమ్... ఇవాళ సాయంత్రమే కదా వెయ్యాలి... సరే, సరే.” ఫోన్ పెట్టేసి కాసేపు నాకేసే చూస్తూ ఉండిపోయారు. ఆయన అలా చూస్తే ఎవరికో మూడిందన్నమాటే. నా చెక్క గగుర్పొడిచింది.

“అమ్మా, చిన్న మార్పు” అన్నారాయన.

“తాళాలు చిన్నకోడలికివ్వాలా?” అంది విశాలాక్షి గారు నవ్వుతూ.

“కాదమ్మా. తాళాలిచ్చాక మీరు గుమ్మంలోనే ఒరిగిపోతారు. తర్వాత... ఫోటో.”

ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది. పదకొండేళ్లు నా కింద కూర్చున్న మనిషి అంత భయంగా నన్ను చూడటం అదే మొదలు.

“మా అమ్మ సంగతి నీకు తెలుసు కదయ్యా పార్థూ!”

“చెప్పానమ్మా. వాళ్లకి మీ అమ్మగారంటే ఒక టీవీ సెట్టు, అంతే. జనం ఏడవాలంటున్నారు.” ఆయన గొంతు తగ్గించారు. “ఇవాళ్టికి ఇంట్లో టీవీ కట్టేయిస్తే పోదా?”

“ఒకనాడు కరెంటు పోతేనే గుమ్మం పట్టుకుని నాకోసం కేకలు పెట్టింది. ఎంత సముదాయించినా వినలేదు. కట్టేస్తే రాలేదని ఏడుస్తుంది, పెడితే పోయానని ఏడుస్తుంది. పోయాననుకుంటే ఇక తినదు పార్థూ. ఈసారి తట్టుకోలేదు. నేను చెయ్యను గాక చెయ్యను. ఆ ఫోటో దిగను.”

“దిగక్కర్లేదమ్మా” అన్నారాయన, చెప్పలేక చెప్పలేక. “మొదటి ఏడాది తీసిన స్టిల్లు ఉంది. పడిపోయే షాటుకి వెనక నుంచి ఎవరినైనా పెట్టమంటున్నారు.”

చంపడానికి మనిషి కూడా అక్కర్లేదన్నమాట, ఫోటో చాలు! నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేస్తాను, మేకుకి వేలాడుతున్నదాన్ని.

ఆవిడ తాళాల గుత్తి నడుముకి బిగించుకుంది. తర్వాత లేచింది.

“నేనే చేస్తాను. దండ తీసి నవ్వే ముక్క ఉంది చూడూ, అది టీవీలో రావాలి. మా అమ్మ చూడాలి.”

“చచ్చిపోయినావిడ నవ్వితే కథేం కానమ్మా? ఛానెల్ వాళ్లు ఎపిసోడ్ అంతా చూశాకే టీవీలో వేసేది. కోసేస్తారు.”

“నేను అడగాల్సింది అడిగాను. ఆపైన నీ ఇష్టం” అందావిడ.

ఆయన స్క్రిప్టు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్లి కెమెరా దగ్గర కూర్చున్నారు.

ఆవిడ గుమ్మంలో ఒరిగిపోయిన తీరు చూసి లైట్ బాయ్‌లు కూడా కళ్లు తుడుచుకున్నారు. అందరి పైన ఆవిడ ఫోటో నాలోకి దూర్చారు. బంతిపూల దండ పడింది, బల్బు వెలిగింది. ఏడుపులయ్యాయి. అప్పుడు విశాలాక్షి గారు వచ్చి నా ముందు నిలబడింది. దండ తీసింది. వెంటనే నవ్వు రాలేదు పాపం. పెదవులు వణికాయి. కెమెరాలోకి చూసి, ఎలాగో ఫక్కున నవ్వి, “అమ్మా, నాకేం కాలేదే. షూటింగ్ అయిపోయింది. ఇంటికొచ్చేస్తున్నా. నువ్వు అన్నం తినెయ్” అంది.

‘కట్’ అనాల్సిన పార్థసారథి గారు మరిచిపోయి అలాగే కూర్చుండిపోయారు.

గుమ్మడికాయ కొట్టారు, హారతిచ్చారు, ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చారు. విశాలాక్షి గారు మాత్రం సోఫా ఎక్కి నన్ను మేకు మీంచి దింపింది. “ఇందులో నా ఫోటో ఉండగా దీన్ని ఇక్కడ వదలను” అంది. కారులో ఆవిడ ఒళ్లో నేను. దూది పెట్టి ముఖం తుడుచుకుంటోంది, బొట్టు తీసింది, మధ్యమధ్య ఫోన్ చేస్తోంది. డైరెక్టరు ఎత్తడం లేదు. పంజాగుట్ట దగ్గర బండి అంగుళం కదల్లేదు. సాయమ్మ ఫోన్ చేసింది. “షురూ అయిందమ్మా. మంచిగనే సూస్తుంది. ఎక్కడున్నరు మీరు?” ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ల చెమట నా రంగులోకి దిగింది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి తెర మీద రాజేశ్వరీదేవి తాళాలు ఇస్తోంది. మంచం అంచున, బక్కపల్చగా, పళ్లెం పక్కన పెట్టుకుని సీతారావమ్మ గారు. ఒక్క ముద్ద కూడా తినలేదు. తెర మీద మనిషి ఒరిగిపోయింది.

“విశాలా! ఏమైందే? లేవే!” ముసలి గొంతు చీరుకుపోయింది.

“అమ్మా, నేనిక్కడే ఉన్నానే, ఇటు చూడు!”

“నువ్వు జరుగమ్మా! నా బిడ్డ పడిపోయిందక్కడ!”

ఆ తర్వాత నేనే వచ్చాను. నన్ను నేను టీవీలో చూసుకోవడం అదే మొదటిసారి. నాలో విశాలాక్షి గారు, నా మెడలో దండ. ఇంత అసహ్యంగా ఉంటానా అనిపించింది. సీతారావమ్మ గారు పళ్లెం దూరంగా తోసేసింది. తెర మీద ‘శుభం’ పడింది. సాయమ్మ రిమోట్ అందుకుంది.

“ఆగు!” విశాలాక్షి గారు అరిచిన అరుపుకి సాయమ్మ చేతిలోంచి రిమోట్ జారిపోయింది.

తెరంతా నలుపు. ఒక్క క్షణం నా ప్రాణం చెక్కలో లేదు. అంతలో దండ తీస్తున్న చెయ్యి కనపడింది. వణికే పెదవులు, ఆ నవ్వు. “అమ్మా, నాకేం కాలేదే...”

శుభం పడ్డాక ఎవరూ చూడరు, ఛానెల్ వాళ్లు కూడా! ఆ సంగతి పార్థసారథి గారికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఓరి నీ ఇల్లు బంగారం గానూ అనుకున్నాను.

“విన్నావా? ఏం కాలేదంట! వచ్చేస్తానంది!” సీతారావమ్మ గారు చీర చెంగుతో కళ్లు తుడుచుకుని పళ్లెం దగ్గరికి లాక్కుంది. అన్నం కలిపింది. తినలేదు. టీవీకేసి చూస్తూ కూర్చుంది. సబ్బు ప్రకటన వచ్చింది. కొత్త సీరియల్ తాలూకు పిల్ల ఎవరో గంతులేసింది.

“ఇంకా రాదేం? వస్తానందిగా?” లేవబోయింది, తూలింది. కూతురు పట్టుకుంది.

“నేనేనమ్మా విశాలని.”

“నువ్వెవరో మంచిదానివి తల్లీ. మా విశాల అందులో ఉంటుంది” అని ముసలావిడ టీవీ చూపించింది. కింది పెదవి చిన్నపిల్లలా బయటికొచ్చింది.

విశాలాక్షి గారు ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూసి, గోడవార ఉన్న నన్ను చూసింది. చూసిందే తడవు, వెనక అట్ట చించి అవతల పారేసింది. ఆవిడ ఫోటో, చిన్నకోడలు, చిన్నాన్న, అందరూ బొలబొలా నేల మీద పడ్డారు. నా కడుపు ఖాళీ అయింది. సాయమ్మ టీవీ కట్టేసింది. విశాలాక్షి గారు అమ్మ ఎదురుగా కూర్చుని, నన్ను రెండు చేతులా ఎత్తి ముఖానికి అడ్డంగా పట్టుకుంది. దండ తీసినప్పటి నవ్వే మళ్లీ నవ్వింది. బొట్టు లేదు, రంగు లేదు, కళ్లు ఏడుస్తున్నాయి. అయినా నవ్వింది.

సీతారావమ్మ గారు కళ్లు చికిలించి చూసింది. చాలాసేపు చూసింది.

“వచ్చావా? ఇంత ఆలస్యమేమే?” అంది. “ముఖం పీక్కుపోయింది. ఏమైనా తిన్నావా అసలు?”

పళ్లెంలోంచి ముద్ద తీసి, ముందుకు వంగి చెయ్యి చాచింది. ఆ చెయ్యి నాలోకి వచ్చింది. నాకు అద్దం లేదుగా, ఎక్కడా తగల్లేదు. తిన్నగా వెళ్లి కూతురి నోటికి అందింది.

ఎక్కడో ఫోన్ మోగుతోంది, ఛానెల్ వాళ్లే అయ్యుంటారు. ఎవరూ ఎత్తలేదు. ఒక ముద్ద కూతురికి, ఒక ముద్ద తనకి. పళ్లెం ఖాళీ అయ్యేదాకా విశాలాక్షి గారు నన్ను దించలేదు.

ఇప్పుడు నన్ను గోడకి తగిలించలేదు. టీవీ పక్కన బల్ల మీద ఉంటున్నాను, ఏడున్నరకి నాకు పని. మొన్న సాయమ్మ నన్ను తుడుస్తూ, “ఉత్తగ బోసిగున్నదమ్మా, అద్దం ఏపిద్దామా?” అని అడిగింది. విశాలాక్షి గారు వద్దంది.