కోచ్ వెళ్తాడా, ఉంటాడా

"ఈసారి గారెలకి పప్పు కాస్త ఎక్కువ నానబెట్టు త్రివేణీ, కోచ్‌కి ఇదే ఆఖరి హోమ్ గేమ్ కావచ్చు" అన్నాడు దివాకర్. అన్నది నాతో, చూస్తున్నది ఫోన్‌లోకి. ఆ కోచ్ మా ఇంటి గారెలు తింటే గానీ కదలనని భీష్మించుకు కూర్చున్నట్టు. దివాకర్ అనే మనిషి ఒకడు ఈ భూమ్మీద ఉన్నాడని ఆయనకి తెలియను కూడా తెలియదు. అయినా నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఏ శనివారం ఏం వండాలో, ఏ ఆదివారం ఎవరు ఎవరితో మాట్లాడాలో అన్నీ ఆయన గెలుపోటముల్ని బట్టే నడుస్తున్నాయి. నేను ఇంకో రెండు గ్లాసుల మినప్పప్పు కొలిచి గిన్నెలో పోశాను. పోసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

దివాకర్ ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీ, మేముంటున్న క్యారీ నుంచి గంట డ్రైవ్. వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఒకప్పుడు ఎవరితో ఆడినా ఓడిపోయేదట. టాల్బట్ అనే ఈ కోచ్ వచ్చాక గెలవడం మొదలుపెట్టింది. ఈ ఏడాదైతే ఒక్క ఆట తప్ప అన్నీ గెలిచింది. దాంతో మాకు దక్షిణాన ఇంకో రాష్ట్రంలోని ఓ పెద్ద యూనివర్సిటీ కన్ను ఆయన మీద పడింది. నెల రోజులుగా దివాకర్‌కీ, అతని స్నేహితులకీ ప్రపంచంలో ఒకటే ప్రశ్న. కోచ్ వెళ్తాడా, ఉంటాడా.

ఆట రోజున స్టేడియం పార్కింగ్ లాట్‌లో కార్ల డిక్కీలు తెరిచి, మడత బల్లలు వేసుకుని తింటారు. టెయిల్‌గేట్ అంటారు దాన్ని. చుట్టుపక్కల వాళ్ళంతా బర్గర్లు కాలుస్తుంటే మనవాళ్ళు పులిహోర, గోంగూర చికెన్, గారెలు. గారెలు ఇంటి దగ్గర వేసి తీసుకెళ్తే మెత్తబడిపోతాయని దివాకర్ ఓ చిన్న గ్యాస్ స్టవ్ కొన్నాడు. కాబట్టి నేను పార్కింగ్ లాట్‌లో, నవంబరు చలిలో, ఎర్ర జెర్సీ మీద ఏప్రాన్ కట్టుకుని గారెలు వేస్తాను. ఏడాదికి ఏడు హోమ్ గేమ్‌లు, అంటే సొంత స్టేడియంలో ఆడేవి. నాలుగేళ్ళలో ఒక్క ఆట కూడా మొదటినుంచి చూడలేదు నేను. మూకుడు చల్లారేదాకా ఆగి, నూనె వంపి, అన్నీ డిక్కీలో సర్ది లోపలికి వెళ్ళేసరికి సగం ఆట అయిపోతుంది. "ఇప్పుడొచ్చావా, అసలైనది మిస్సయ్యావు" అంటాడు దివాకర్, ప్రతిసారీ, నిజంగా బాధపడుతూ. అతను చెడ్డవాడు కాడు. అదే నాకు పెద్ద చిక్కు.

కోచ్ విషయంలో మాత్రం దివాకర్ చూపు చాలా నిశితం. ఆ పెద్ద యూనివర్సిటీ వాళ్ళు కోచ్‌ని మాటలకి తీసుకెళ్తే తమ డబ్బున్న పూర్వ విద్యార్థుల సొంత విమానాల్లోనే తీసుకెళ్తారని, వాటి నంబర్లన్నీ ఎవరో రాసిపెట్టారట. ఏ విమానం ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది అని ఫోన్‌లో ఒక మ్యాప్ పెట్టుకుని చూస్తుంటాడు. మ్యాప్ నిండా పసుపు పచ్చని బుల్లి విమానాలు చీమల్లా పాకుతుంటాయి. భోజనాల బల్ల దగ్గర అది, బాత్రూమ్‌లో అది, మా అమ్మాయి దియ పియానో రిసైటల్‌లో అది. అతని స్నేహితుడు అమర్‌నాథ్ ఒకరోజు పనిగట్టుకుని కోచ్ ఇంటి ముందు నుంచి కారులో వెళ్ళి, ఈసారి హాలోవీన్‌కి వాళ్ళు గుమ్మంలో గుమ్మడికాయలు పెట్టలేదని కనిపెట్టుకొచ్చాడు. కోచ్ భార్య గుమ్మడికాయలు పెట్టలేదంటే ఆ ఇంటి మీద ఆవిడ మనసు విరిగిపోయిందనీ, మకాం ఎత్తేస్తున్నారనీ తేల్చారు. ఆవిడ పేరేమిటని అడిగాను. ఎవరికీ తెలియదు. వాళ్ళ కుక్క పేరు మాత్రం ముగ్గురు చెప్పారు.

నేనూ ఈ నెల రోజుల్లో కొన్ని పనులు చేశాను. పొడుల డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించాను. ఆరు నెలల కోసం వచ్చిన మా అత్తగారు రత్నమ్మగారి బీపీ మాత్రలు ఏ పూటకి ఏవో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. దియకి రసం పెట్టడం, చారెడు బియ్యానికి ఎన్ని నీళ్ళో నేర్పాను. పై గదిలోంచి నా మందపాటి చలికోటు దింపి డ్రైక్లీనింగ్‌కి వేశాను. గుమ్మడికాయల్లేని గుమ్మం చూసి కోచ్ మనసు చదివిన మనిషి, కందిపొడి డబ్బా చేతిలోకి తీసుకుని "లేబుల్స్ భలే ఉన్నాయే" అని ఇంత అన్నంలో వేసుకున్నాడు.

పోనీ, నేను గుంభనంగా ఉన్నానా అంటే అదీ లేదు. నవంబరు మొదటి గురువారం పొద్దున్న కాఫీ ఇస్తూ స్పష్టంగా చెప్పాను, న్యూజెర్సీలో ఇంటర్వ్యూ ఉంది, వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తానని. ఆల్ ది బెస్ట్ అన్నాడు. వెంటనే ఇడ్లీ పిండి ఉందా అని అడిగాడు. సాయంత్రం నేను ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే పరుగెత్తుకొచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. పొద్దుటి మ్యాప్‌ని ఫోటో తీసి ఉంచాడు. కోచ్ ఎక్కాడని వాళ్ళు నమ్మే విమానం చుట్టూ ఎర్రటి సున్నా చుట్టాడు. దానికి కాస్త పైన, వర్జీనియా మీద, ఇంకో పసుపు విమానం. పక్కన దాని నంబరు. అది నా ఫ్లైట్. నేనున్నాను దాన్లో, కిటికీ పక్కన, ఇంటర్వ్యూలో చెప్పాల్సినవి మనసులో వల్లెవేసుకుంటూ. అది చూస్తూ నేను నవ్వాను. దివాకర్ కూడా నవ్వాడు, కోచ్ దొరికిపోయాడని.

ఈ ఉద్యోగం నాకెందుకు కావాలో చెప్పాలంటే తేజేశ్వర్ గురించి చెప్పాలి. కొత్త మందుల్ని రోగుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ డేటా మీద ప్రోగ్రామింగ్ నా పని. అతను మా టీమ్‌లో చేరినప్పుడు కూర్చోబెట్టి పని నేర్పింది నేను. పోయిన వేసవిలో ఒక కేన్సర్ మందు ట్రయల్‌లో రోగులకి మందు ఇచ్చిన తేదీలు తప్పుగా నమోదైనట్టు పట్టుకున్నదీ నేనే. మూడు వారాలు శని ఆదివారాలు లేకుండా కూర్చుని సరిచేశాను. మీటింగులో దాన్ని చూపించింది తేజేశ్వర్. రెండు నెలలకి అతను మేనేజర్ అయ్యాడు. "మీకు ఇంట్లో బాధ్యతలుంటాయి కదా త్రివేణిగారూ, మీ మీద ఇంకా లోడ్ వేయడం నాకే ఇష్టం లేదు" అన్నాడు, ఎంతో దయగా. ఇంటికొచ్చి చెబితే "టైటిల్‌దేముంది, ప్రశాంతంగా ఉన్నావుగా" అన్నాడు దివాకర్. నేను ప్రశాంతంగా ఉన్నానని నాకు అప్పుడే తెలిసింది.

పదమూడేళ్ళు నా వీసా దివాకర్ వీసాకి తోకలా వేలాడింది. అందులో ఆరేళ్ళు ఉద్యోగం చేయడానికే వీల్లేదు. పోయిన మార్చిలో గ్రీన్ కార్డులొచ్చాయి. నా పేరుతో, నా ఫోటోతో ఉన్న ఆ కార్డు పట్టుకుని గరాజ్‌లో కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఇక నేను ఎక్కడైనా పని చేయవచ్చు. న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఒక చిన్న కంపెనీ పన్నెండుమంది టీమ్‌ని నా చేతిలో పెడతానంది. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు భోజనాల దగ్గర రెండోసారి చెప్పాను. దివాకర్ ఫోన్ నుంచి తల ఎత్తి, గుడ్ గుడ్ అని, "సీజన్ అయిపోనీ, కూర్చుని మాట్లాడదాం" అన్నాడు. అత్తగారు మాత్రం ముద్ద ఆపేశారు. ఆడది ఒక్కతీ ఊరు కాని ఊళ్ళో ఇల్లు తీసుకుని ఉండటమేమిటన్నారు. "వాడికి ఆకలేసినా నోరు విప్పి అడగడమ్మా, మనమే కనిపెట్టుకోవాలి" అన్నారు. మూడోసారి, థాంక్స్‌గివింగ్ ముందటి ఆదివారం, ఊరు చెప్పాను, చేరే తేదీ జనవరి పన్నెండని చెప్పాను, పై వారం సోమవారంలోగా సంతకం పెట్టాలని చెప్పాను. అత్తగారు విసురుగా లేచి గదిలోకి వెళ్ళారు. దివాకర్ ఊఁ అన్నాడు. పదహారేళ్ళ మా దియ ఒక్కతే ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు, ఇల్లు ఎలా ఉంటుంది, తను ఈ స్కూల్ ఇయర్ ఇక్కడ ఫినిష్ చేసి జూన్‌లో రావచ్చా అని. అన్నీ అడిగి, "యూ షుడ్ గో అమ్మా. మేం ఓకే ఉంటాం" అంది.

ఇంకా సంతకం పెట్టలేదు నేను. నిజం చెప్పాలంటే అతను అడుగుతాడని ఆగాను. వద్దన్నా బాగుండేది, పోట్లాడేదాన్ని. వెళ్ళమన్నా బాగుండేది. ఒక మనిషి ఇంట్లోంచి వెళ్తానంటుంటే ఇంకో మనిషి ఊఁ అనడం దగ్గర ఆగిపోవడాన్ని ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

శనివారం పార్కింగ్ లాట్‌లో రెండో వాయి వేస్తున్నాను. నా వెనక మడత కుర్చీల్లో కోచ్ భవిష్యత్తు నడుస్తోంది. "ప్రెస్ మీట్ల ఉంటనని అన్నడా? అనలే. నా ఫోకస్ అంతా శనివారం గేమ్ మీదనే అన్నడు. అంటే పోతున్నట్టే లెక్క" అన్నాడు అమర్‌నాథ్. అప్పుడు దివాకర్ లేచి నిలబడ్డాడు.

"అసలు ఆయనకేం కావాలో ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? నాలుగేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని నిలబెట్టాడు. ఎక్కడికి పోతాడులే, పడుంటాడులే అనుకుంటే ఎలా? వెళ్తున్నానన్నాక కాళ్ళు పట్టుకుంటే ఏం లాభం?"

అందరూ అవునన్నారు. చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నూనెలో గారెలు ఎర్రబడి, ఎరుపు దాటి నల్లబడుతున్నాయి. ఇంత బాగా మాట్లాడగలడా ఇతను. ఒక మనిషి కష్టం, ఆ మనిషిని పట్టించుకోకపోవడంలో ఉండే అన్యాయం, అన్నీ తెలుసా ఇతనికి. తెలియదేమో అనుకునే కదా ఇన్నాళ్ళూ సర్దుకున్నాను. మగవాడు కదా, అర్థం కాదులే, చెబుతూ ఉంటే మెల్లగా తెలుస్తుందిలే అని నాకు నేను ఎన్ని సాకులు చెప్పుకున్నానో. అన్నీ తెలుసు. ఎదురుగా ఉన్నది నేనైతే మాత్రం గుర్తు రావు. "మాడిపోతున్నాయి త్రివేణీ" అన్నాడు దివాకర్, వాసన పసిగట్టి. ఆ వాయి తీసి చెత్తబుట్టలో వేసి స్టవ్ ఆర్పేశాను. పిండి ఇంకా సగం గిన్నె ఉంది. అయిపోయిందా అని ఎవరో అడిగారు. అయిపోయిందన్నాను. ఏప్రాన్ విప్పి డిక్కీలో పడేసి, టికెట్ తీసుకుని, వాళ్ళకంటే ముందే స్టేడియంలోకి వెళ్ళాను. నాలుగేళ్ళలో మొదటిసారి ఆట మొదలవడం చూశాను. బాగానే ఉంది. గెలిచారు కూడా.

ఆదివారం పొద్దున్న నూనె జిడ్డు పట్టిన మూకుడు, ట్రేలు తోముతుంటే మధ్యలో చేతులు తుడుచుకుని, వంటింటి గట్టు మీదే లాప్‌టాప్ తెరిచి సంతకం పెట్టి పంపించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత మిగిలిన ట్రేలు తోమాను. అత్తగారు బల్ల దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నన్నే చూస్తున్నారు.

పది దాటాక సోఫాలోంచి దివాకర్ కేక వినిపించింది. కోచ్ వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళకి కూడా ఫోన్లలోనే తెలిసిందట. దివాకర్ వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"నిన్న గెలిచి మనందరికీ చేయి ఊపాడు చూశావా. అప్పటికే అంతా అయిపోయిందన్నమాట. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పి వెళ్ళొచ్చు కదా."

జాలేసింది. జాలి వేసినా చేతిలోని ట్రే కడగడం ఆపలేదు. కడిగి, బోర్లించి, కొళాయి కట్టేశాను.

"ఆయన చెప్పలేదు దివాకర్. నేను చెప్పే వెళ్తున్నాను. ఇందాకే సంతకం పెట్టాను."

అతను నా వైపు చూశాడు. ఫోన్ చేతిలోనే ఉంది కానీ దాని వైపు కాదు, నా వైపే. ఎన్నాళ్ళయిందో అలా చూసి.

"ఎక్కడికి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే, అత్తగారు చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండా అన్నారు.

"ప్లెయిన్స్‌బరోకిరా. జనవరి పన్నెండున. మూడు వారాల్నుంచి చెబుతూనే ఉందిగా."