సీలు తెగిన రోజు

ఆ గోదాము కాపలాదారుకి శుభ్రత పిచ్చి. కూర్చునే ముందు కుర్చీని, లేచాక తన ప్యాంటుని దులుపుకునే రకం. తోటివాళ్ళు "చీపురు మామ" అని ఏడిపించేవారు. ఆయన ఉడుక్కునేవాడు కాదు. "మీరు తుడిస్తే నేనెందుకు తుడుస్తానురా?" అని తన పని తాను చేసుకుపోయేవాడు.

గోదాములో ఉన్నవి సిమెంటు బస్తాలు కావు. రెండు దేశాలు ఒప్పందం చేసుకుని విప్పేసిన అణుబాంబుల్లోంచి తీసిన లోహం, ఉక్కు డబ్బాల్లో. ఇలాంటిదే అవతలి దేశంలోనూ ఒకటుంది. వాళ్ళు వచ్చి ఇక్కడిది చూస్తారు, వీళ్ళు వెళ్ళి అక్కడిది చూస్తారు. తలుపుకి ఒక సన్నటి తీగ, దాని కొసన బొటనవేలి గోరంత బిళ్ళ. అదే సీలు. తీగ తెగలేదంటే తలుపు ఎవరూ తీయలేదని, దొంగచాటుగా మళ్ళీ బాంబు చేయట్లేదని అర్థం. ఇన్ని కోట్ల ప్రాణాలకి హామీ ఏమిటయ్యా అంటే, అదిగో ఆ తీగ!

మామ కొడుకు సరిహద్దులో సిపాయి. రెండు దేశాలూ ఒకదానిమీద ఒకటి గుర్రుమన్నప్పుడల్లా వాడి సెలవు రద్దు. ఈసారి ఎలాగో దొరికింది. వచ్చే వారం వస్తున్నాడని వాళ్ళమ్మ కాలు నేల మీద నిలవడం లేదు.

తనిఖీ రోజు పొద్దున్నే మామ తలుపు దగ్గరికి వెళ్ళాడు. బిళ్ళ మీద దుమ్ము, అంచున చిలుము. సీలు ముట్టుకోకూడదని ఆయనకి తెలియక కాదు, కొత్తగా చేరినవాళ్ళకి ఆ మాట చెప్పేదే ఆయన. కానీ చుట్టాలు వస్తుంటే గుమ్మం మురికిగా ఉంచుతామా? గుడ్డతో మెల్లిగా తుడిచాడు. చిలుము వదల్లేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాడు. తీగ తెగి బిళ్ళ చేతిలోకి వచ్చేసింది.

మామ మేనేజరుకి ఫోన్ చేశాడు. సంగతి విని మేనేజరు పరుగున వచ్చాడు.

"కొంప ముంచావు కదయ్యా! ఎవరైనా చూశారా?"

"లేదు సార్."

"అయితే చుక్క జిగురు పెట్టి అతికించెయ్. తనిఖీకొచ్చే ఆ పెద్దావిడకి ఏం కనిపిస్తుంది?"

"కనిపిస్తే సార్?"

"నిజం చెప్తే మాత్రం? రేపు వాళ్ళ పేపర్లన్నీ మనల్ని దొంగలంటాయి. వాళ్ళయితే మనకి చెప్తారా?"

 వాళ్ళు చెప్పకపోవచ్చు, అనుకున్నాడు మామ. కానీ ఇవాళ తను దుమ్ము తుడిచి అతికిస్తే, రేపు ఇంకొకడు తలుపు తీసి అతికిస్తాడు. అప్పుడు ఆ తీగ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నమ్మకం పోయి యుద్ధమొస్తే మొదట పోయేది సరిహద్దులో ఉన్నవాళ్ళు.

అవతలి దేశపు తనిఖీ అధికారిణి కారు దిగింది. తల నెరిసిన మనిషి, ఇక్కడికి వచ్చిపోతూ ఇక్కడి భాష నేర్చుకుంది. మామ ఎదురెళ్ళి, బిళ్ళ ఉన్న అరచేయి చాపాడు.

"నేనే తెంపానమ్మా. తుడుస్తుంటే తెగింది. లోపలికి ఎవరూ వెళ్ళలేదు."

వెనక మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. ఆవిడ బిళ్ళని చూసింది, మామ మొహం చూసింది.

"మిమ్మల్ని నమ్ముతున్నాను" అంది. మామకి ప్రాణం లేచొచ్చింది. "కానీ నన్ను పంపింది నమ్మడానికి కాదు. డబ్బాలన్నీ బయట పెట్టించండి."

ఒక్కొక్క డబ్బా బయటికి తెచ్చి తూచారు, లోపల లోహం ఉంటే ముల్లు కదిలే మీటరు పెట్టి చూశారు. మధ్యలో ఒకదాని దగ్గర మీటరు ముల్లు కదల్లేదు.  మామకి కొడుకు మొహం కళ్ళ ముందు ఆడింది. ఆవిడ మీటరు ఆపి, మళ్ళీ పెట్టింది. ముల్లు నెమ్మదిగా లేచి రావలసిన చోటికి వచ్చింది.

పొద్దువాలేసరికి అన్నీ సరిపోయాయి. కొత్త సీలు వేశాక ఆవిడ మామ దగ్గరికి వచ్చింది.

"సీలు తెంపిన మనిషి ఇక్కడ పని చేయకూడదు. అది నియమం. నేను రాయక తప్పదు."

"నిజం చెప్పానని కూడా రాస్తారా అమ్మా?"

"రాస్తాను. అయినా మీరు వెళ్ళాలి."

మామకి ఒళ్ళు మండింది. నిజం చెప్పినవాడికి ఇదా బహుమానం? తాళాలు మేనేజరు చేతిలో పెట్టి ఇంటిదారి పట్టాడు.

భార్య తలుపు తీస్తూనే మొహం చూసి కనిపెట్టేసింది. ఆయన జరిగిందంతా చెప్పాడు.

"మీ మాట నమ్మలేదా ఆవిడ?"

"నమ్మింది. నమ్మి కూడా అన్నీ లెక్కపెట్టింది. ఒక్కటీ తగ్గలేదు."

"మరి అబ్బాయి సెలవు?"

"ఉంది."

"పోతే పోయింది వెధవ ఉద్యోగం" అంది ఆమె.

పొద్దుటినుంచీ ఆపుకున్న మనిషి, అప్పుడు ఏడ్చాడు.