అక్క చెప్పిన కొలత

బావకీ బావమరిదికీ మాటల్లేవు. ఒకే షెడ్డు, ఒకే వెల్డింగ్ మెషీను, మధ్యాహ్నం ఒకే క్యారియరు, అయినా నెల రోజులుగా ఎడమొహం పెడమొహమే. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో అక్క ఉండనే ఉంది. ఆమె ఒకరికి పెళ్ళాం, ఇంకొకరికి తోడబుట్టింది. షెడ్డులో గ్రైండరు పట్టేదీ, రంగు పూసేదీ కూడా ఆమే.

"ఆ చానెల్ ముక్క ఇటు పడెయ్యమను మీ తమ్ముణ్ణి" అని అరుస్తాడు బావ, ఆ తమ్ముడు పక్కనే నిలబడి ఉండగా.

"కాళ్ళున్నాయిగా, వచ్చి తీసుకోమను అక్కా మీ ఆయన్ని."

అడకత్తెరలో పోకచెక్కంటే ఎలా ఉంటుందో అక్కని అడగాలి.

గొడవ చిన్నదే, మాటే పెద్దది. ఒక గేటు పని దగ్గర మాటా మాటా పెరిగి, బావ కస్టమరు ముందే, "మా ఆవిడ తమ్ముడివి కాబట్టి భరిస్తున్నాను, లేకపోతే నిన్నెవడు పెట్టుకుంటాడ్రా?" అనేశాడు. ముక్కు మీద కోపం మనిషి, అరగంటలో మర్చిపోయాడు. తమ్ముడు మర్చిపోలేదు. ఇంకో పెద్ద షాపులో మాట్లాడుకొని వచ్చాడు. లారీల వర్క్‌షాపుకి ర్యాంపు బిగించడమే ఇక్కడ ఆఖరి పని, సోమవారం నుంచి అక్కడికే పోతానన్నాడు. "మీ ఆయనకి చెప్పు" అన్నాడు. చెప్పింది. "పోతే పోనీ" అని ఆయన అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

అక్క గుండెలో రాయి పడింది. బావ కుడి భుజం ఏడాదిగా పైకి లేవడం లేదు. అంత బరువు ఇనుము ఒంటరిగా ఎత్తబోతే ఏదో ఒకరోజు మంచాన పడతాడు. అంతకన్నా పెద్ద భయం, ఇలా విడిపోయినవాళ్ళు రేపు ఎదురుపడినా పలకరించుకోరు, తనకి పుట్టిల్లే లేకుండా పోతుంది. ర్యాంపు పూర్తయ్యేలోపు వాడి మనసు ఎలాగైనా మారాలని ఆమె ఆరాటం.

ఇక్కడ టేపు సంగతి చెప్పాలి. ఆ షెడ్డు టేపుకి కొస విరిగిపోయి చాలాకాలమైంది. కొత్తది కొనమంటే "కొస పోతే టేపు పోయినట్టా?" అంటాడు బావ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అందుకని పది సెంటీమీటర్ల గీత దగ్గర పట్టి కొలుస్తారు. కొలిచినవాడు టేపు మీద కనిపించింది కనిపించినట్టు చెప్తాడు, కోసేవాడు అందులోంచి పది తీసేసుకుంటాడు. బావ అరవడం, తమ్ముడు మనసులోనే పది తీసి సుద్దతో గీత గీయడం ఏళ్ళనాటి అలవాటు. ఏనాడూ తేడా రాలేదు.

ర్యాంపు పొడవూ వెడల్పూ వర్క్‌షాపు యజమాని ముందే చెప్పాడు. వర్క్‌షాపు గచ్చు ఎత్తు మాత్రం బావ వెళ్ళి కొలిచాడు. ఇంటికొచ్చి పెళ్ళాంతో, "డెబ్బై అని చెప్పు వాడికి" అన్నాడు. తమ్ముడు అసలే చిరాకుగా ఉన్నాడు, మళ్ళీ వాడికెందుకు లెక్కల తలనొప్పి అని అక్క తానే పది తీసేసి, "అరవై అన్నార్రా" అని చెప్పింది. వాడు అలవాటు ప్రకారం ఇంకో పది తీశాడు.

ర్యాంపు మాత్రం ముచ్చటగా తయారైంది. రెండు పక్కలా బరువైన ఇనుప చానెళ్ళు, వాటి మధ్య దగ్గర దగ్గరగా అడ్డపట్టీలు, పైన టైర్లు జారకుండా గళ్ళ ప్లేటు, కింద మధ్యలోనూ ఎత్తు చివరనూ కొలతకి కోసిన కాళ్ళు. వేడికి ప్లేటు వంకర తిరగకూడదని తమ్ముడు ఈ చివర కాస్త, ఆ చివర కాస్త అతుకుతూ పోయాడు. అక్క అంచులు అరగదీసి రెండు పూతలు పూసింది. బావ చుట్టూ తిరిగి అతుకతుకునీ సుత్తితో కొట్టి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క, "రంగు బాగుంది" అన్నాడు.

శనివారం వర్క్‌షాపు ముందు క్రేను దాన్ని దింపింది. కింది చివర నేలకి ఆనింది. పై చివర గచ్చు అంచుకి బెత్తెడు పైగా కిందే ఆగిపోయింది.

యజమాని నోరెళ్ళబెట్టాడు. "ఇదేంటయ్యా? లారీ ఇక్కడిదాకా ఎక్కి గెంతాలా?"

"నేను డెబ్బై అన్నాను!" బావ మొహం ఎర్రబడింది. "ఏం కోసి ఏడ్చాడో అడుగు మీ తమ్ముణ్ణి!"

"అరవై అని చెప్పావు కదక్కా! అందులో పది తీసే కోశాను. కొలిచేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోమను ఆయన్ని!"

ఏం జరిగిందో అక్కకి అర్థమైంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. నోరు మూసుకుంటే తన తప్పు బయటపడదు, వీళ్ళిద్దరూ మాత్రం ఇక జన్మలో కలవరు.

"ఆపండి! ఆ పది నేను తీశాను," అంది. "వాడు మళ్ళీ తీస్తాడని తోచలేదు. తప్పు నాదే. కానీ ఎదురెదురుగా ఉండి మీరిద్దరూ మాట్లాడుకొని ఉంటే నాకెందుకొచ్చేది ఈ ఖర్మ? నోట్లో నాలుకల్లేవా మీకు? ఇంక ఒక్క మాట కూడా నేను మొయ్యను. బతిమాలినా మొయ్యను!"

కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. క్రేను డ్రైవరు మర్యాదగా అటు తిరిగాడు.

దారి ఒకటే ఉంది. పై చివర లేపి, కింద దుంగలు పేర్చి ఆనించి, పై కాళ్ళకి పది, మధ్య కాళ్ళకి ఐదు సెంటీమీటర్ల చొప్పున చానెల్ ముక్కలు అతకాలి. దూరి పడుకొని చేయాల్సిన పని. బావ మాస్కు పట్టుకొని వంగబోయాడు, భుజం పట్టేసింది. పెళ్ళాం వైపు చూశాడు.

"నావైపు చూడకండి," అంది అక్క.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్... నావల్ల కాదు. నువ్వే అతకాలి."

తమ్ముడు మాస్కు తీసుకొని కిందికి దూరాడు.

"అతుకుల కాళ్ళు లారీని మోస్తాయా?" అని సణిగాడు యజమాని.

"మోస్తాయి. వాడి అతుకు ఊడదు," అన్నాడు బావ. వంగలేక వంగి, ర్యాంపు కిందికి గట్టిగా చెప్పాడు. "ఒరేయ్, మా ఆవిడ తమ్ముడని పెట్టుకున్నానన్నాను చూడు, అది పచ్చి అబద్ధం. ఆవిడ వద్దే వద్దంది. నీ పని చూసి, ఆవిణ్ణి బతిమాలి నేనే తెచ్చుకున్నాను."

కింద మెరుపులు ఆగిపోయాయి. మాస్కు పైకి తీసి తమ్ముడు తల బయటపెట్టాడు. "వద్దన్నావా అక్కా?"

"అన్నాను," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "బావా బావమరుదులు ఒకచోట పనిచేస్తే కొట్టుకు చస్తారని అన్నాను. చచ్చారా లేదా?"

వాడికి నవ్వాగలేదు. మళ్ళీ దూరి పని అందుకున్నాడు.

సాయంత్రానికి కాళ్ళు నిలబడ్డాయి, బోల్టులు బిగిశాయి. లారీ మెల్లగా ఎక్కి లోపలికి వెళ్ళిపోయింది. ర్యాంపు కిర్రుమనలేదు. యజమాని తల ఊపి లోపలికి నడిచాడు.

తమ్ముడు చేతులు కడుక్కొని వచ్చి, అక్కని దాటుకొని నేరుగా బావ ఎదుట నిలబడ్డాడు.

"బావా, సోమవారం వస్తానని ఆ షాపువాళ్ళకి మాటిచ్చాను. రావట్లేదని నువ్వు చెప్పు. నాకు మొహమాటం."

"నేనెందుకు చెప్తాను? నీ నోటితో ఒప్పుకున్నావు, నీ నోటితోనే చెప్పుకో!"

"నీ మూలానే కదా ఒప్పుకుంది!"

"ఆహా, నా మూలానా?"

గొంతులు లేస్తున్నాయి. అక్క పోయి సామాన్లు తెచ్చిన వ్యాన్లో కూర్చొని, వాళ్ళు ఎంతసేపు పోట్లాడుకుంటే అంతసేపు హాయిగా వింది.