బాలస్వామి సైకిలు

పొద్దున్నే కృపమణి మందుల సంచి హ్యాండిలుకు తగిలించి, ఇంటి అరుగు మీద నిలబడి సైకిలెక్కేది. నేల మీద నుంచి ఎక్కాలంటే ఆమెకు అందదు. యుద్ధం రోజుల్లో వేంపల్లె చుట్టుపక్కల కాన్పులు చూసే నర్సమ్మ ఆమె ఒక్కతే. సైకిలు ఆమె మొగుడు బాలస్వామిది. ఆరడుగుల మనిషి. ఎక్కడో దూరపు పల్లెలో బడి చెప్పి, మధ్యాహ్నం ఆమె అన్నం వార్చేలోపల వచ్చి కూర్చునేవాడు. చలిజ్వరంతో పోయాడు.

మనిషికి సరిపోయిన సైకిలైతే దారి కురచవుతుంది, సరిపోనిదైతే సాగుతుంది. అది అందరికీ తెలిసిందే. అందుకే సైకిలు కొనేవాళ్ళు జిలాని బాషా అంగడి ముందు ఒక ఫ్రేము దిగి ఇంకో ఫ్రేము ఎక్కి, పూటంతా చూసుకునేవాళ్ళు.

ఒకసారి పంక్చరు వేయించడానికి పోతే, బాషా ఆమె సైకిలు పక్కన ఇంకొకటి ఆనించాడు.

"చూడు నర్సమ్మా, నీ దాంట్లో సీటు కింది గొట్టం బెత్తెడు ఎత్తు. పైకడ్డీ పొడుగు. హ్యాండిలు అందుకునేదానికి పడుకున్నట్టు వంగుతాండావు. ఇదెక్కు."

ఎక్కింది. పెడలే వచ్చి పాదాన్ని తాకినట్టుంది. మోచేతులు వదులయ్యాయి. ఎదురుగా మసీదు మినారు ఒక బారెడు దగ్గరికి జరిగింది.

"సరిపోయింది. అది నాకిచ్చి ఇది తీసుకుపో."

"నా దానికే సీటు కొంచెం దించన్నా, చాలు."

"సీటు దించితే ఫ్రేము దిగుతాదా తల్లీ?"

ఆమె ఆ సైకిలు దిగింది. బాలస్వామి చేతులకు నున్నబడిన హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ వచ్చేసింది.

ఎండాకాలం నడుమ గుట్ట కింది పల్లెలో ఉండే మద్దయ్య ఇంటి నుంచి కబురొచ్చింది. అతని పెండ్లాం చౌడమ్మకు నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని. కృపమణి ఉన్న పళాన బయలుదేరింది. ఎంత తొక్కినా ఎదుటి గుట్ట అంతే దూరంలో ఉంది. రాళ్ళ మధ్య కొత్త రాళ్ళు, మలుపు తర్వాత నిన్న లేని మలుపు. దిగి నడిచినా చేరేదేమో. ఆ తొందరలో ఆ ఆలోచనే రాలేదు.

పోయేసరికి ఊరి ముసలమ్మలు బిడ్డను బయటికి తీశారు. చౌడమ్మ మాత్రం లేదు.

మద్దయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. గొంతు పెంచలేదు.

"నువ్వొచ్చేది మిద్దె మీద నుంచి చూస్తానే ఉంటిమి నర్సమ్మా. తొక్కుతానే ఉంటివి. దారి సాగుతానే ఉండె."

తిట్టినా బాగుండేది అనుకుంది.

కొద్దిరోజులకు, సైకిలు మార్చుకుందామని ఆమె బాషా అంగడికి వచ్చింది. అదే వేళకు మద్దయ్య బిడ్డను పంచెలో చుట్టుకుని బజారులో నడిచి పోతున్నాడు. చౌడమ్మ చెల్లెలు బసమ్మ ఏటి అవతలి పల్లెలో పసిబిడ్డ తల్లి. పాలు ఇస్తానంది గానీ, తల్లిని మింగిన బిడ్డ ఇంట్లో ఉండరాదని ఆమె అత్త పట్టుబట్టింది. అందుకని ప్రతి పూటా ఇసకలో పడి మోసుకుపోయి, మోసుకొస్తున్నాడు. బిడ్డ ఏడుపు అప్పటికే పిల్లికూన మూలుగులా ఉంది.

కృపమణి సైకిలు తీసుకుపోయి అతని ముందు నిలబెట్టింది.

"ఎక్కు మద్దయ్యా."

"నీ మొగునిది గదమ్మా!"

"ఎక్కప్పా."

అతనూ పొడుగరే. బిడ్డను రొమ్ముకు కట్టుకుని కూర్చున్నాడు. బాషా మోకాలి వంపు చూశాడు, మోచెయ్యి చూశాడు, సీటు ముట్టుకోనే లేదు. వెనక నుంచి ఆ భుజాలు చూసి కృపమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మద్దయ్య పెడలు తొక్కాడు. బజారు, ఏటి ఇసక, అవతలి గట్టు ఉతికిన చీర మడత పెట్టినట్టు దగ్గరికొచ్చాయి. బిడ్డ ఎత్తుకున్న ఏడుపు ఇంకా ముగియలేదు, బసమ్మ వాకిట్లోకి వచ్చి చేతులు చాపడం ఇక్కడికే కనబడింది.

"ఈ చిన్నది తీసుకుపో నర్సమ్మా," అన్నాడు బాషా మెల్లగా.

"రేపొస్తాలే అన్నా. ఈ పొద్దు నడుస్తా."

ఆమె మందుల సంచి భుజానికేసుకుని ఎండలో ఇంటి దారి పట్టింది. దారి ఎంతుందో అంతే ఉంది.