పచ్చి మోకాళ్లు

కనకవ్వ గొంతుక్కూర్చుని, రెండు అరచేతులతో గుర్రప్పిల్ల ముందరికాలు పట్టుకుంది. మోకాలికి కాస్త పైన, ఎముక రెండు పక్కలా ఉబ్బెత్తుగా చేతికి తగిలింది. బొటనవేళ్లతో మెల్లగా నొక్కి చూసింది. గుర్రప్పిల్ల చెవులు వెనక్కి వాల్చి, మళ్లీ నిక్కబొడిచి, తల వంచి ఆమె కొంగు వాసన చూసింది.

"ఇంక పచ్చిగనే ఉన్నయే నీ మోకాళ్లు," అంది కనకవ్వ.

దాని పేరు చుక్క. ఒళ్లంతా ఇటుక రంగు, నుదుటి మీద రూపాయంత తెల్లమచ్చ. పుట్టి రెండేళ్ల నాలుగు నెలలైంది. దూరం నుంచి చూసినవాళ్లకు ఎదిగిన గుర్రంలాగే కనిపిస్తుంది. కనకవ్వకు మాత్రం దాని నడుం వెనక భాగం భుజాల కంటే నాలుగు వేళ్లు ఎత్తుగా ఉండటం కనిపిస్తుంది. ముందరి పాలపళ్లు రెండూ ఇంకా ఊడలేదు. అలాంటి పిల్ల వీపు మీద మనిషిని కూర్చోబెట్టడమంటే, తడి ఆరని గోడ మీద దూలం ఎత్తడమేనని ఆమె నమ్మకం.

కనకవ్వకు యాభై ఎనిమిదేళ్లు. సన్నగా, ఎండిన చెరకులా ఉంటుంది. ఎప్పుడో ఒక గుర్రం తొక్కడంతో ఎడమకాలి చిటికెన వేలు పక్కకు తిరిగిపోయింది. సిరిసిల్లలో మరమగ్గాలు అమ్మేసి కోరుట్లకు వచ్చిన పెద్దసేటు, పెళ్లిళ్లకు గుర్రాలు తిప్పడం మొదలుపెట్టిన ఏడే ఆమె ఈ రేకుల కొట్టంలో పనికి చేరింది. ఇరవై ఒక్క ఏళ్లుగా లద్దె ఎత్తింది, ఒళ్లు తోమింది, పెళ్లికొడుకుల పక్కన పగ్గం పట్టుకుని ఊళ్లకు ఊళ్లు నడిచింది. గుర్రం మాత్రం ఎక్కలేదు. ఎక్కుతావా అని అడిగినవాళ్లూ లేరు.

కొట్టం మూలన తెల్లగుర్రం సర్దార్ మూడుకాళ్ల మీద నిలబడి ఉంది. ముందరి కుడిమోకాలు రాత్రికి రాత్రే కుండలా వాచింది. ఆ మోకాలిని చూస్తే కనకవ్వకు పాత సంగతి గుర్తొస్తుంది. సర్దార్‌కు రెండేళ్లు నిండగానే పెద్దసేటు జీను వేయమన్నాడు. ఆమె భర్త గంగయ్య వేశాడు. పగ్గం పట్టుకున్నది తనే. ఆ రోజు సర్దార్ వణికింది. గంగయ్య ఆమె వైపు చూశాడు, ఆమె గంగయ్య వైపు చూసింది. ఇద్దరిలో ఒక్కరూ నోరు తెరవలేదు. తన ఏడో ఏట నుంచే సర్దార్ కుంటడం మొదలుపెట్టింది. గంగయ్య పోయి ఏడేళ్లైంది గానీ, ఆ చూపు ఆమెను వదల్లేదు.

పదకొండింటికి శ్రీశైలం వచ్చాడు. పెద్దసేటు కొడుకు. తండ్రి పోయాక వ్యాపారమంతా అతనిదే. సర్దార్ కాలు చూసి తల పట్టుకున్నాడు.

"అవ్వా, ఇయ్యాల వెల్గటూర్ దిక్కు బరాత్ ఉన్నది. మాటిచ్చిన. వేరే గుర్రం లేదు. చుక్క మీద జీనెయ్యి."

"అది ఎక్కేది కాదు సేటు. అచ్చే ఉగాది దాక ఆగాలె."

"అందరు రెండేండ్లకే ఎక్కిస్తుండ్రు."

"ఎక్కిస్తుండ్రు. తర్వాత గిట్ల మూలకు నిలవెడుతుండ్రు," అని ఆమె సర్దార్ వైపు గడ్డం ఎత్తి చూపింది.

శ్రీశైలం వెనక్కి తిరిగాడు. ట్రాలీ డ్రైవర్‌ను పిలిచి, చుక్కనూ, ఎర్ర మఖమల్ జీనునూ ఎక్కించమన్నాడు. కనకవ్వ ఆపలేదు. ఆపితే ఆగేవాడు కాడని తెలుసు. చీర కుచ్చిళ్లు ఎగదోపి తనూ ట్రాలీ ఎక్కి చుక్క మెడ పక్కన నిలబడింది.

"నువ్వెందుకవ్వా?"

"జీను యాడుంటే నేనాడుంట," అంది.

జగిత్యాల దాటి ధర్మపురి దాకా ఎండ రేకులా కాలింది. దారిపొడవునా గుంతలు. చుక్క తూలినప్పుడల్లా కనకవ్వ భుజం ఆనించి దాన్ని నిలబెట్టింది. నాలుగింటికి ఊరు చేరారు.

పెళ్లికొడుకు సతీశ్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. క్రీమ్ రంగు షేర్వాణీ వేసుకుని, తలపాగా సర్దుకుంటూ వాడ మొదట్లో నిలబడి ఉన్నాడు. ఆ వాడ నుంచి ఇంతవరకు ఏ పెళ్లికొడుకూ గుర్రం మీద పెద్దబజారులోంచి పోలేదు. అందుకే వాడ వాడంతా వచ్చింది. డీజే బండి అద్దాలు అదిరేలా మోగుతోంది. ఆ మోతకు చుక్క చర్మం అలలు అలలుగా వణికింది. కళ్లలో తెల్లగుడ్డు కనిపించింది.

డ్రైవర్ జీను దించి రోడ్డు మీద పెట్టాడు.

"వేయవ్వా, జల్ది," అన్నాడు శ్రీశైలం.

కనకవ్వ చుక్క పగ్గాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. తర్వాత నాలుగడుగులు వేసి, కాళ్లు రెండూ ఒక పక్కకు పెట్టుకుని, నేల మీద ఉన్న జీను మీద కూర్చుంది. ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె జీను మీద కూర్చోవడం అదే మొదటిసారి.

డీజే ఆగింది. ఎవరో నవ్వారు. శ్రీశైలం ముఖం కందిపోయింది.

"లే అవ్వా. నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకు."

"ఒకసారి నోరు మూసుకున్న సేటు. మల్ల మూసుకోను. నన్ను లేపి ఏసుకో, సూద్దాం."

లేపడానికి ఎవరూ ముందుకు రాలేదు. సతీశే వచ్చి ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. తలపాగా కింద నుంచి చెమట కారుతోంది.

"అవ్వా, నేనేమంత బరువు లేను."

"ఇయ్యాల దానికి ఏం గాదు కొడుకా. కుంటుడు నాలుగైదేండ్లకు అత్తది. అప్పుడు సూసెతందుకు నువ్వు రావు. నేనే సూడాలె."

సతీశ్ గొంతు తగ్గించాడు. "మా తాత గీ బజార్ల చెప్పులు చేతుల వట్టుకొని నడిసిండు. ఇయ్యాల నేను సుత నడిసే పోతే, పాత లెక్కనే ఉన్నదంటరు."

కనకవ్వ అతని ముఖంలోకి చూసింది. "మా తాత సుత గంతే నడిసిండు. నేను పుట్టింది సుత మీ అసొంటి వాడలనే. మోసేటోనికి బరువు ఎంతుంటదో మనకు ఒకలు చెప్పాల్నా?"

అతను చుక్క వైపు తిరిగి చూశాడు.

"నడుసుడు తక్కువ గాదు కొడుకా. పక్కలకు జరిగి నడుసుడు తక్కువ. దీని పగ్గం నువ్వే వట్టుకో. బజారు నట్టనడుమ నుంచి నడువు. అది నీ పక్కపొంటి అస్తది."

సతీశ్ లేచి చెయ్యి చాచాడు. కనకవ్వ తన మణికట్టు మీది చుట్లు విప్పి పగ్గం అతని చేతిలో పెట్టింది. డీజే మళ్లీ పెడితే మోత సగానికి తగ్గించమంది. తగ్గించారు.

పెద్దబజారులో సతీశ్ నట్టనడుమ నడిచాడు. చుక్క అతని భుజం పక్కన, మెడలో బంతిపూల దండతో, ఖాళీ వీపుతో నడిచింది. అరుగుల మీది వాళ్లు లేచి చూశారు. వెనక నుంచి హారన్ కొట్టిన ట్రాక్టర్‌కు ఎవరూ దారి ఇవ్వలేదు. బజారు మధ్యలో ఆగి, వాడ ఆడవాళ్లు అరగంట సేపు ఆడారు. కనకవ్వ జీను నెత్తిన పెట్టుకుని అందరి వెనక నడిచింది.

తిరుగు దారిలో శ్రీశైలం ఒక్క మాటే అన్నాడు. "రేపటి సంది రాకవ్వా."

"రాను. కని అచ్చే ఉగాది తెల్లారి అస్త. దాని మోకాళ్లు నేనే సూసి చెప్త. గప్పటిదాక దాని మీద జీను వడ్డదని తెలిసిందనుకో, ఇయ్యాల జీను మీద కూసున్నట్టే నీ ఇంటి ముంగట కూసుంట."



కొట్టానికి వచ్చాక ఆమె రోజూ చేసే పనులన్నీ చేసింది. సర్దార్ మోకాలికి తడిగుడ్డ చుట్టింది. చుక్క డెక్కల్లో ఇరుక్కున్న కంకర గీకి తీసింది. తన రెండు చీరలు సంచిలో పెట్టుకుని, మెట్‌పల్లిలో ఉన్న చెల్లెలు మొగిలవ్వ దగ్గరికి చివరి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ ఏడాది చుక్క మీద ఎవరూ జీను వేయలేదు. భయపడ్డాడో, సిగ్గుపడ్డాడో శ్రీశైలం ఎవరికీ చెప్పలేదు. ఉగాది తెల్లారి కనకవ్వ పసుపు కూలి చేసిన మరకల చేతులతో బస్సు దిగి వచ్చింది. చుక్క మోకాళ్లు పట్టి చూసి, "ఇంకో నెల," అని అదే బస్సు వెనక్కి తిరిగేలోగా ఎక్కేసింది. శ్రీశైలం ఆ నెల కూడా ఆగాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆమె వెళ్లిపోయిన మర్నాడు మాత్రం, గుర్రాలకు దాణా ఎక్కడుంటుందో కూడా తెలియని శ్రీశైలం, కొట్టం తలుపు తనే తీసుకుని లోపలికి వచ్చాడు. గోడవారన ఒక సత్తు బకెట్, దాని మీద మూత, మూత మీద రాయి కనిపించాయి. పోయేముందు ఆమె నానబోసిన శనగలు రాత్రంతా నీళ్లు పీల్చి ఉబ్బి, రాయితో సహా మూతను ఒక పక్కకు ఎత్తి నిలబెట్టాయి.