బండల మీద చప్పట్లు

పార్థసారథి మాస్టారు ఒక్కో బండ మీద ఒక్కో పిల్లని నిలబెడుతున్నారు. బట్టతల మీద చేతిరుమాలు కప్పుకున్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఐదో తరగతి ఉపవాచకం గోల్కొండ కోట కాపలావాడి కూతురి కథ. సుల్తానుల కాలంలో ఆ పిల్ల సింహద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీదున్న తండ్రికి వినిపిస్తుంది. పాఠం చివర ‘చేసి చూద్దాం’ అని ఉంటుంది. మాస్టారు ఏనాడూ చేసి చూసిన పాపాన పోలేదు. ప్రశ్నలకు జవాబులు రాయించడం, గంట కొట్టగానే లేవడం, ఉద్యోగమంతా అలాగే గడిచింది. ఆయన్ని తిట్టినవాళ్లు లేరు, తలుచుకున్నవాళ్లూ లేరు. ఇవాళ్టితో ఆ ఉద్యోగం కూడా అయిపోతోంది. పోయేముందు ఒక్కసారి పిల్లలతో ఆడాలనిపించింది.

రాయదుర్గం బండల్లో చివరి కాపలా కిరణ్మయిది. "మూడు చప్పట్లు వినపడేదాకా కదలకమ్మా" అని మరీ మరీ చెప్పి వచ్చారాయన.

చప్పట్ల కబురు బండ నుంచి బండకి సగందాకా బాగానే వెళ్లింది. అంతలో అవతల కొత్త ఆఫీసుల కోసం రాళ్లు తొలిచే యంత్రం మొదలై చప్పట్లన్నిటినీ మింగేసింది. మాస్టారు చేతులూపి, కనిపించిన పిల్లల్ని కిందికి పిలిచారు. తోసుకుంటూ, నవ్వుకుంటూ అందరూ బడికి పరుగెత్తారు. ఆయనా నవ్వుతూ వచ్చారు, తలలు లెక్కపెట్టడం మరిచిపోయి.

ఆఖరి గంట కొట్టాక తరగతి ఖాళీ అయింది. బెంచీ మీద ఒక్క సంచి మిగిలింది. దాని మీద కిరణ్మయి పేరు చదవగానే మాస్టారు బయటికి పరుగెత్తారు.

బండల దగ్గర వాచ్‌మన్ ఓదెలు ఎర్రజెండాతో అడ్డొచ్చాడు.

"ఎటు పోతున్నరు సార్? ఇగ మందు పేలుస్తరు. ఇయ్యాల గా బండల వరసంత లేపుతరు."

"పైన మా పిల్ల ఉందయ్యా. ఆపించు, నీకు దణ్ణం పెడతాను."

ఓదెలు జెండా దించేశాడు. "మీరు పోండ్రి సార్, నేనాపిస్త" అని ఈల వేస్తూ పరుగెత్తాడు.

యంత్రం ఆగి ఉంది. మాస్టారు చివరి బండ కిందికి చేరారు. మూడు చప్పట్లు కొట్టారు. జవాబు లేదు. మళ్లీ కొట్టారు. పైనుంచి సన్నగా మూడు చప్పట్లు తిరిగొచ్చాయి. బండల ప్రతిధ్వని అనుకున్నారు. కాదు, అవి చిన్న చేతులవి. ఏడుస్తూనే పైకి పాకారు.

కిరణ్మయి నిటారుగా నిలబడి ఉంది. ఎండకు బుగ్గలు కందిపోయాయి.

"దిగి రావొచ్చుగా తల్లీ?"

"మీరే కదండీ కదలొద్దన్నారు. నేను దిగితే కోట పోదాండీ?"

బడి గేటు దగ్గర ఎదురుచూస్తున్న తల్లి రత్నమాలకు పిల్లని అప్పగించి, తప్పు తనదేనని ఉన్నదున్నట్టు చెప్పారు. "నా ప్రాణం పోయిందనుకున్నానండీ. పిల్లని అలా వదిలేస్తారా ఎవరైనా?" అని ఆవిడ నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లు ఆయన చెవులకు చల్లగా తగిలాయి. పిల్ల క్షేమంగా ఉంది కాబట్టే కదా, తీరిగ్గా తిడుతోంది.

"మళ్లీ ఎప్పుడు ఆడదామండీ?" అంది కిరణ్మయి, తల్లి కొంగు చాటునుంచి. ఇన్నేళ్లలో ఆయన పాఠం మళ్లీ కావాలని అడిగిన మొదటి మనిషి. ఆ పిల్ల తల నిమిరి బస్సెక్కారు.

మూసాపేట దాటాక అరికాళ్లు మండుతుంటే వంగి చూసుకున్నారు. ఉత్త కాళ్లు. బండ ఎక్కేటప్పుడు జారకుండా చెప్పులు విప్పేసి ఉంటారు. వెనక్కి వెళ్లాలనిపించలేదు. హాయిగా కళ్లు మూసుకున్నారు.

అక్కడ మందు పేల్చేముందు ఓదెలు జెండా మళ్లీ పైకెత్తేవేళకి, చివరి కాపలా బండ కింద, బొటనవేలి ఉంగరం తెగితే కుట్టించిన తోలు చెప్పులు జంటగా, కొండకేసి తిరిగి ఉన్నాయి.