ఒకే ఉత్తరం ఇంతమందికా?

"మళ్లీ నా గడప తొక్కావంటే చూడు!" అన్నాడు నాన్న. తమ్ముడు నిజంగానే తొక్కలేదు, ఫోను కూడా ఆపేశాడు. ఇక అక్కకు మిగిలింది ఒకే దారి, వాడు తనకు ఎప్పుడో తెరిచిపెట్టిన ఈమెయిలు. "దీనికి తాళం ఉంటుందక్కా. కంపెనీవాళ్లు కూడా చదవలేరు. నీకు రాస్తే ఇందులోనే రాస్తా," అనేవాడు.

అక్క బట్టలు ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేస్తుంది. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది తనే, వాడి చిరునామా తెలియదని చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటుంది? వాడి ఫోటో పెట్టి, "ఈ అబ్బాయి కనబడితే చెప్పండి" అని ఒకే ఉత్తరం, ఈమెయిలు దొరికిన ప్రతి ఆసుపత్రికీ, ప్రతి లాడ్జికీ పంపింది. సాయంత్రానికల్లా ఖాతా మూతపడింది. ఒకే ఉత్తరం ఇంతమందికి పంపేవాళ్లు మోసగాళ్లట!

"అయ్యా, నేను దొంగను కాను. కావాలంటే చదివి చూడండి," అని వేరే చిరునామా నుంచి కంపెనీకి మొరపెట్టుకుంది.

"మేము ఎవరి ఉత్తరాలూ చదవలేం మేడమ్. ఎన్ని వెళ్లాయో మాత్రమే కనబడుతుంది. పరిశీలిస్తాం," అని జవాబు.

ఇంకెవరితో మొత్తుకోవాలి? రోజూ ఫోను వంకే చూస్తూ ఒకరోజు ఎవరిదో తెల్లచొక్కా మాడ్చేసింది. యజమానురాలు తిట్టలేదు. "పిచ్చిదానా, ముందు వెళ్లి ముఖం కడుక్కో," అంది.

ఎట్టకేలకు ఖాతా తెరిచారు, పొరపాటుకు చింతిస్తున్నామన్నారు. లోపల తమ్ముడి ఉత్తరాలున్నాయి.

"అక్కా, నువ్వు రమ్మంటే వచ్చేస్తా."

"అక్కా, చూశావా?"

"నువ్వు కూడానా, అక్కా?"

"రారా నా తండ్రీ, నేనున్నాను!" అని అక్క గబగబా కొట్టి పంపింది. అలాంటి చిరునామా లేదంటూ అది వెంటనే తిరిగొచ్చింది. వాడు తన ఖాతా మూసేసుకున్నాడు.

నేల మీద కూలబడి భోరుమంది. ఏడ్చి ఏడ్చి లేచింది. మళ్లీ ఆసుపత్రులు, మళ్లీ లాడ్జీలు. కానీ ఒకే ఉత్తరం పంపితే మళ్లీ మూసేస్తారు. వాడి మనసు మారి రాస్తే ఈ పెట్టెకే కదా రాయాలి! అందుకని ఒక్కొక్కరికీ వేరే మాటల్లో రాసింది. ఒకరికి, మా తమ్ముడండీ, కనుబొమ్మ మీద మచ్చ. ఇంకొకరికి, నేను ఎత్తుకు తిరిగిన పిల్లాడు. మరొకరికి, వాడు నవ్వితే ముందు చెవులు కదులుతాయి.

చిరునామాలు సగం కూడా కాలేదు, మాటలు అయిపోయాయి. అక్క కళ్లు తుడుచుకుని, తమ్ముడి గురించి తనకింకా ఏం తెలుసో వెతుక్కుంటోంది.